అంచులు పోయిన ఫోల్డరు

ఎమ్మిగనూరు,
సోమవారం

వీరభద్రన్నకు, చేనేత సంఘం ఆఫీసు నుంచి శారద నమస్కారాలు.

అన్నా, మీరు పత్తి మిల్లులో కేబులు లాగుతూ నిచ్చెన మీద నుంచి పడ్డారనీ, ఆదోనిలో ఇంట్లోనే కాలికి కట్టుతో పడుకుని ఉన్నారనీ మా వ్యాను డ్రైవరు లక్ష్మన్న చెప్పాడు. అది తెలిసీ మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు ఇంకెవరూ లేరు.

మీరు మా ఆఫీసులో ఒక నల్ల డబ్బా పెట్టి అందరి కంప్యూటర్లనూ దానికి కలిపారు కదా. అందులో ‘ఉమ్మడి’ అనే ఫోల్డరు, దాని లోపల ‘అంచులు’ అనే ఫోల్డరు ఉండేవి. ఈ పొద్దున చూస్తే ‘అంచులు’ లేదు. ఏ కంప్యూటరులో తెరిచినా లేదు. అవి మామూలు ఫైళ్ళు కావు. ఉచ్చీరమ్మ భర్త బతికున్నన్నాళ్ళూ గ్రాఫు కాగితాల మీద గీసిన చీర అంచులు అవి. డిజైన్ల గదిలో పనిచేసే రూత్, నేనూ పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటీ స్కాన్ చేశాం. ఆ కాగితాలను తర్వాత చెదలు తినేశాయి. ఆయనా పోయాడు. ఇప్పుడు ఆ అంచులు భూమ్మీద ఎక్కడైనా ఉన్నాయంటే ఆ డబ్బాలోనే.

మా అధ్యక్షుడు తిమ్మన్న గారు పొద్దున్నే వచ్చి అవే అడిగారు. “యాడికి పోయినాయి శారదమ్మా? కాళ్ళొచ్చి నడిసిపోయినాయా?” అన్నారు. ఈ వారంలోగా దొరక్కపోతే పోలీసులకు రాసిస్తారట, ఇన్‌ఛార్జి మేనేజరుగా నా పేరే ముందు రాస్తారట. నేను లెక్కల గుమాస్తాను అన్నా. మేనేజరు రిటైరైతే ఆ కుర్చీ తుడిచి నన్ను కూర్చోబెట్టారు. అంతే.

ఏం చేయాలో రాసి లక్ష్మన్న చేతికే ఇవ్వండి.

ఇట్లు,
పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా దిగని
శారద

తా.క.: ఫోను చేయవద్దు. ఫైళ్ళు ఎత్తుకుపోయేవాళ్ళు ఫోనులో మాటలు కూడా వింటారని టీవీలో చెప్పారు. నా ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.


ఆదోని,
మంగళవారం

చెల్లెలు శారదమ్మకు వీరభద్రయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ముందు మంచినీళ్ళు తాగండి. ఫైళ్ళు అంత తేలిగ్గా చావవు. మా నాయన కాలంలో మాది పత్తి కొట్టు. నేను కంప్యూటర్ల కొట్టుగా మార్చిన తర్వాత ఇలాంటి కేసులు ఎన్నో చూశాను. సగం కేసుల్లో దొంగే ఉండడు. ఎవరో మౌసు పట్టుకుని తెలియక ఒక ఫోల్డరును లాగి ఇంకొక దానిలో పడేస్తారు. లాగిన సంగతి లాగినవాళ్ళకే తెలియదు.

నేను చెప్పేదాకా డబ్బాను ఆపవద్దు. అందులో కొత్తవి ఏవీ దాచవద్దు. దానిలో ఎవరు వచ్చారు, ఏమి ముట్టుకున్నారు అన్నది తనంతట తానే రాసుకునే పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని ఎలా తీయాలో వెనక పేజీలో బొమ్మ గీశాను. ప్రింటు తీసి పంపండి. ఇంగ్లీషు చిన్న అక్షరాలు చీమల బారులా ఉంటాయి. మీరు చదవనక్కర్లేదు.

వెల్లకిలా పడుకుని, అట్ట ముక్కను పొట్ట మీద ఆనించుకుని రాస్తున్నాను. అక్షరాలు ఎటు పోతున్నాయో నాకే తెలియడం లేదు.

ఇట్లు,
ఒంటికాలి మీద
వీరభద్రయ్య

తా.క.: ఫోనును బియ్యంలో పెట్టేది నీళ్ళలో పడినప్పుడు. దొంగలకు బియ్యంతో పని లేదు.


ఎమ్మిగనూరు,
బుధవారం

వీరభద్రన్నకు నమస్కారాలు.

ప్రింటు పంపుతున్నాను. సిరా అయిపోయి కింది వరుసలు పడలేదు. మళ్ళీ తీద్దామంటే తిమ్మన్న గారు వెనక వచ్చి నిలబడ్డారు. కాగితాన్ని మడిచి కొంగులో దాచుకున్నాను. నా ఆఫీసులో నేనే దొంగలా ఉన్నాను.

ఆయన మధ్యాహ్నం మళ్ళీ అడిగారు. సాయంత్రం ఇంకొకసారి. “శుక్రవారంలోగా ఆ డిజైన్లు నా సేతిలో ఉండాల” అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన ఆ ఫోల్డరు ముఖం చూసిన పాపాన పోలేదు. పోయినప్పుడే విలువ తెలుస్తుంది కాబోలు.

దానికి తోడు ఈ రోజే ఉచ్చీరమ్మ వచ్చింది. “మా ఆయప్ప గీసిండే బొమ్మలు ఒకసారి సూపించమ్మా, కండ్లల్లో పెట్టుకోని పోతాను” అంది. కరెంటు లేదని చెప్పాను. నా తల మీద ఫ్యాను తిరుగుతోంది. ఆమె ఫ్యాను వంక చూసింది, నా వంక చూసింది, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఎవరిని చూసినా అనుమానంగా ఉంది. ఎవరో చేశారు. ఎవరో త్వరగా చెప్పండి.

ఇట్లు,
ఉలికిపాటుతో
శారద

తా.క.: కరెంటు లేదన్నాను కాబట్టి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఫ్యాను ఆపేసి కూర్చున్నాను.


ఆదోని,
బుధవారం సాయంత్రం

చెల్లెలు శారదమ్మకు,

లక్ష్మన్న బయట వ్యాను ఇంజను ఆపకుండా నిలబడ్డాడు. నొప్పి మాత్ర వేసుకుని తొందరగా రాస్తున్నాను.

మీరు పంపిన కాగితంలో స్పష్టంగా ఉంది. ఈ పని చేసింది రూట్. అనుమానం ఏమీ లేదు. ఆదివారం ఆఫీసు మూసి ఉన్నప్పుడు రూట్ లోపలికి వచ్చింది, ‘అంచులు’ తీసింది, వెళ్ళిపోయింది. ఎక్కడికి చేర్చిందో సిరా పడని వరుసల్లో పోయింది.

మీకు భయం పెట్టాలని కాదు గానీ, ఉన్నది చెప్పాలి. మీ ఆఫీసులో అందరికంటే ఎక్కువ అధికారం రూట్‌కే ఉంది. అధ్యక్షుడి ఫైళ్ళు కూడా తెరవగలదు. ఎవరి అనుమతీ అడగదు. అది తలచుకుంటే మొత్తం తుడిచిపెట్టేయగలదు. కాబట్టి రేపు పొద్దున్నే రూట్ తాళం మార్చండి. పాతది ఇక పనికి రాకూడదు. రూట్ బయటి నుంచి వచ్చే దారి ఏదైనా ఉంటే మూసేయండి. నేను చెప్పేవరకు దాన్ని ఏ పనికీ వాడవద్దు. ఎలా చేయాలో తెలియకపోతే రాయండి.

ఈ సంగతి ఎవరికీ చెప్పకండి.

ఇట్లు,
వీరభద్రయ్య

తా.క.: భయపడకండి. రూట్ చెడ్డది కాదు. ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం.


ఎమ్మిగనూరు,
గురువారం

వీరభద్రన్నకు,

మీ ఉత్తరంలో ఆ పేరు నమ్మలేక మూడుసార్లు చదివాను. నా పక్కన కూర్చుని ఆ బొమ్మలు స్కాన్ చేసిన మనిషి. మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బాలోంచి తీసుకుని తిన్న మనిషి. ఆ పేరు నేను కాగితం మీద పెట్టను. ‘ఆ వ్యక్తి’ అంటాను. ఉత్తరం దారిలో ఎవరి కంటైనా పడవచ్చు.

మీరు చెప్పినవన్నీ చేశాను. లక్ష్మన్నతో కొత్త తాళం కప్ప తెప్పించి డిజైన్ల గదికి వేశాను. ఆ వ్యక్తి వచ్చే వెనక తలుపుకు మేకులు కొట్టించాను. ఏ పనీ చెప్పవద్దన్నారు కాబట్టి నూలు గోడౌనులో ఊరికే కూర్చోబెట్టాను. “ఏమి తప్పు సేసినానక్కా?” అని అడిగింది. “దుమ్ము పడకుండా చూడు” అన్నాను. గోడౌనులో దుమ్ము తప్ప ఏముంది?

అంత అధికారం ఆ వ్యక్తికి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. తిమ్మన్న గారి ఫైళ్ళు కూడా తెరవగలదంటే, ఆ నెమ్మది వెనక ఇంత ఉందా?

ఒక్క మాట అన్నా. ఎంత తప్పు చేసినా ఒకరిని ‘అది’ అని రాయడం మీకు తగదు.

ఇట్లు,
తాళం చెవులు కొంగున కట్టుకున్న
శారద

తా.క.: మేకులు కొట్టిన తర్వాత గుర్తొచ్చింది, స్త్రీల బాత్రూముకు దారి ఆ తలుపులోంచే. ఆఫీసులో ఆడవాళ్ళం అందరం వీధంతా చుట్టి వెళుతున్నాం.


ఆదోని,
గురువారం సాయంత్రం

చెల్లెలు శారదమ్మకు,

గది తాళం కూడా మార్చారా? మంచిదే, జాగ్రత్త ఎక్కువైనా నష్టం లేదు. పేరు కాగితం మీద పెట్టకపోవడం ఇంకా మంచిది. నేనే తొందరపడి రాశాను. మీరు ఎవరినో గోడౌనులో కూర్చోబెట్టినట్టున్నారు. అది మీ ఆఫీసు వ్యవహారం, నేను తల దూర్చను. నేను ఎవరిని ‘అది’ అన్నానో గుర్తు రావడం లేదు. మాత్రల మత్తులో అని ఉంటే మన్నించండి.

ఇప్పుడు అసలు కష్టం. రాత్రంతా ఆలోచించాను. పోయిన ఫైళ్ళను తిరిగి తేగలిగేది కూడా రూట్ ఒక్కటే. మీ వల్ల కాదు, నా వల్ల కాదు. కాబట్టి రూట్‌ను మళ్ళీ లోపలికి పిలవాలి. తొందరపడకండి. తప్పుగా పిలిస్తే తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా పలకదు. మెల్లగా, ఒక్కొక్క అక్షరం చూసుకుని పిలవండి. లోపలికి వచ్చిందంటే మీరు ఏది అడిగితే అది చేసిపెడుతుంది.

పిలిచే ముందు నాకు రాయండి. ఏ మాటతో పిలవాలో చెబుతాను.

ఇట్లు,
వీరభద్రయ్య

తా.క.: మా ఆవిడ త్రివేణి ఈ ఉత్తరం భుజం మీదుగా చూసి, మీరు ఎవరింట్లోనో అలిగిన కోడలికి రాయబారం నడుపుతున్నారా అని అడిగింది.


ఎమ్మిగనూరు,
శుక్రవారం తెల్లవారుజాము

వీరభద్రన్నకు,

ఇక పేరు దాచి లాభం లేదు. రూత్ వెళ్ళిపోయింది.

నిన్న సాయంత్రం గోడౌను తలుపు దగ్గరికి వేసి, తాళం చెవి కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయింది. వాళ్ళ అమ్మ ముత్తమ్మ ఆలూరు అవతల పల్లెలో పత్తి కూలికి పోతుంది. అక్కడికే పోయిందని లక్ష్మన్న చెప్పాడు. “ఆ పిల్ల ఏడ్సుకుంటా బస్సెక్కిందమ్మా. ఏమన్నారు మీరు?” అని నన్నే నిలదీశాడు.

ముందు దూరం పెట్టమన్నారు, పెట్టాను. ఇప్పుడు ఆమె ఒక్కతే తేగలదంటున్నారు. తప్పుగా పిలిస్తే తలుపు మూసుకుంటుందన్నారు, అది మాత్రం నిజం. రూత్ సంగతి మీకు ఇంత బాగా ఎలా తెలుసో గానీ, ఆమె అలిగితే అంతే.

తిమ్మన్న గారు ఇచ్చిన గడువు ఈ రోజే. నేను పొద్దుటి బస్సుకే బయలుదేరుతున్నాను. ఆదోనిలోనే బస్సు మారాలి, కానీ మీ ఇంటికి రాను. దిగితే మళ్ళీ ఎక్కే ధైర్యం ఉండదు. ఆలూరులో ఆటో పట్టుకుంటాను. పత్తి చేలో అందరి ముందూ ఆమె నన్ను తిడితే పడతాను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. తర్వాత పోలీసులు వస్తే రానీ.

ఇట్లు,
శారద

తా.క.: ఏ మాటతో పిలవాలో చెబుతానన్నారు. చెప్పేలోపే పోతున్నాను. నాకు తోచింది ‘తల్లీ’ అనే మాట ఒక్కటే.


ఆదోని,
శుక్రవారం

శారదమ్మా,

ఆగండి. ఈ ఉత్తరం అందేసరికి మీరు వెళ్ళకుండా ఉండాలని మొక్కుకుంటున్నాను.

నేను రాసింది రూత్ కాదు. రూట్. రూట్ మనిషి కాదు. మీ డబ్బాకు యజమాని లాంటి ఒక ఖాతా, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోయే పేరు. నేను తాళమన్నా, పిలిచే మాటన్నా ఆ పాస్‌వర్డే. నేను పడుకుని అట్ట ముక్క మీద రాసిన ‘ట’ మీకు ‘త’లా కనబడింది. మీ ఆఫీసులో రూత్ అనే అమ్మాయి ఉందని మొదటి ఉత్తరంలోనే రాశారు. నా బుర్రకు తట్టలేదు.

ఆ అమ్మాయికి ఏ పాపమూ తెలియదు. నా చేతిరాత వల్ల ఒక ఆడపిల్ల దొంగ అనిపించుకుని, దుమ్ములో కూర్చుని, ఏడుస్తూ బస్సెక్కింది. ఆమె ఏమైనా చేసుకుంటే? నాకు అన్నం సహించడం లేదు. త్రివేణి కూడా నాతో మాట్లాడడం లేదు. దయచేసి ఆమెను ఏమీ అడగకండి. ‘అంచులు’ అనే మాట కూడా ఎత్తకండి. తప్పంతా నాదని చెప్పండి.

ఇట్లు,
వీరభద్రయ్య

తా.క.: ట. ట. ట. ఇకనుంచి ఇలా దిద్ది రాస్తాను.


ఎమ్మిగనూరు,
తరువాతి బుధవారం

వీరభద్రన్నకు శారద నమస్కారాలు.

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు క్షమించండి. మీ ఉత్తరం నేను ఆలూరు నుంచి తిరిగి వచ్చాక అందింది. జరిగింది మొదటి నుంచి చెబుతాను.

ఆటో దిగి చేను గట్టు మీద నడుస్తుంటే రూత్ దూరం నుంచే నన్ను చూసింది. నడుముకు కట్టుకున్న ఒడి నిండా పత్తి. నన్ను చూసి ఒడి వదిలేసింది, పత్తంతా కింద పడింది. ముత్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. నేను తాగి, ‘తల్లీ’ అనబోయాను. నోరు తెరిచేలోపే రూత్ అంది:

“నేనే తీసినానక్కా. పారెయ్యలేదు. దాసిపెట్టినాను. పోలీసులొచ్చినారా?”

నిజమే వీరభద్రన్నా. మీరు రాసింది రూట్. నేను చదివింది రూత్. చేసింది రూతే.

ఫోల్డరు పోయే ముందు శనివారం తిమ్మన్న గారు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతుంటే ఆమె తలుపు అవతల నుంచి విందట. “శుక్రవారానికి డిజైన్లన్నీ పెన్‌డ్రైవులో ఏసిస్తాను. మీ మిల్లులో అచ్చేసుకోండి, ఈడ ఎవరికీ తెలీదు” అన్నారట. పవర్‌లూమ్ మిల్లువాళ్ళు ఆ అంచులను గుడ్డ మీద అచ్చు వేసి సగం ధరకు అమ్మితే, మగ్గం మీద రోజుల తరబడి నేసే మనవాళ్ళ చీర ఎవరు కొంటారు? రూత్ భయపడింది. మర్నాడు ఆదివారం ప్రార్థన నుంచి నేరుగా వెనక తలుపు గుండా ఆఫీసుకు వచ్చి, ఫోల్డరు పేరు మార్చి దాచేసింది.

“నాకెందుకు చెప్పలేదు తల్లీ?” అన్నాను.

“నువ్వు భయపడతావు కదక్కా. ఆయప్ప గట్టిగా అడిగితే సెప్పేస్తావు” అంది.

కోపం రాలేదు. నిజమే కదా.

రూట్ పాస్‌వర్డ్ ఆమెకు ఎలా తెలిసిందని మీరు అనుకుంటూ ఉంటారు. మీరు పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఒక్కొక్క అక్షరమూ పైకి చదువుకుంటూ కొడతారట. డబ్బా పెట్టిన రోజు పక్కన కుర్చీలో ఆమే ఉందట.

ఇద్దరం సాయంత్రం బస్సుకు వచ్చేశాం. ఆఫీసులో తిమ్మన్న గారు ఒక్కరే ఉన్నారు. “దొరికినాయా?” అన్నారు. అన్నా, నేను పుట్టిన తర్వాత పై అధికారుల ముఖం మీద అబద్ధం ఆడింది లేదు. బల్ల అంచు పట్టుకుని, “లేదు సార్. ఇక దొరకవని ఆదోని ఆయన కూడా రాసేశారు” అన్నాను. ఆయన పోలీసుల మాట ఎత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు. ఫోను తీసుకుని బయటికి వెళ్ళి చాలాసేపు ఎవరినో బతిమాలుకున్నారు. అప్పుడు అర్థమైంది, ఆ గదిలో ఎక్కువ భయపడుతున్నది నేను కాదని.

శని, ఆదివారాలు రూత్, నేనూ మగ్గాల ఇళ్ళన్నీ తిరిగి సంగతి చెప్పాం. నిన్న సంఘం షెడ్డులో నేతగాళ్ళంతా కూర్చున్నారు. తిమ్మన్న గారు వచ్చి ఇంతమందిని చూసి, “ఏమి విశేషం?” అన్నారు. రూత్ గోడ మీద తెల్ల దుప్పటి కట్టి అంచులను ప్రొజెక్టరుతో ఒక్కొక్కటిగా వేసి చూపించింది. ఉచ్చీరమ్మ లేచి దుప్పటి దగ్గరికి పోయి ఒక నెమలి అంచును చేత్తో తడిమింది. బొమ్మ ఆమె చేతి మీద పడింది. “ఇది నా పెండ్లి సీరది” అంది. తర్వాత తిమ్మన్న గారి వైపు తిరిగి, “దీన్ని ఎవురికన్నా ఇయ్యాలంటే నన్నడుగు తిమ్మన్నా” అని మాత్రం అంది. ఆమె గొంతు పెంచలేదు. ఆయన తల ఎత్తలేదు.

సభ్యులందరూ ఒప్పుకుంటే తప్ప ఒక్క అంచు కూడా సంఘం దాటకూడదని తీర్మానం రాశాం. మొదటి సంతకం తిమ్మన్న గారే పెట్టారు.

మీరు ఆ ‘ట’ సరిగ్గా రాసి ఉంటే నేను ఆలూరు పోయేదాన్ని కాదు. పట్టీ మళ్ళీ ప్రింటు తీసి ఫైళ్ళు ఎక్కడున్నాయో మీరు కనిపెట్టేవారు. నేను సంతోషంగా తీసుకుపోయి తిమ్మన్న గారి చేతిలో పెట్టేదాన్ని. అది తలచుకుంటేనే నాకు చెమటలు పడుతున్నాయి. కాబట్టి మీరు అన్నం తినండి. వదినమ్మను కూడా మాట్లాడమనండి.

ఇట్లు,
శారద

తా.క.: ఫైళ్ళు ఎక్కడ దాచిందో చెప్పడం మరిచాను. ప్రభుత్వం నుంచి వచ్చిన సర్క్యులర్ల ఫోల్డరులో. డబ్బాలో ఎవరూ ఎన్నడూ తెరవనిది అదొక్కటేనట.

ఇంకొక తా.క.: తిమ్మన్న గారు నాతో మాట్లాడడం మానేశారు. పని చాలా ప్రశాంతంగా సాగుతోంది. అయినా ఆయన పక్క గదిలో దగ్గినప్పుడల్లా నేను లేచి నిలబడుతూనే ఉన్నాను.